సిజిల్మాసా పద్దు

క్రీ.శ. 951లో ఇబ్న్ హౌకల్ అనే యాత్రికుడు సహారా ఎడారి ఉత్తరపు అంచున ఉన్న సిజిల్మాసా అనే ఊరు చేరుకున్నాడు. దేశాలు తిరగడం, ఎక్కడ ఏం పండుతుందో, ఏ సరుకు ఎటు పోతుందో, సర్కారుకు పన్ను ఎంత వస్తుందో రాసుకోవడం ఆయన పని. ఆయన పుస్తకంలో ఒక అప్పు పత్రం ప్రస్తావన ఉంది. ఎడారికి అవతలి గట్టున ఉన్న అవుదగుస్త్ ఊరి వర్తకుడు సిజిల్మాసా వర్తకుడికి పడిన బాకీ అది. సాక్షులు ధ్రువీకరించిన పక్కా కాగితం. మొత్తం 42,000 దీనార్లు.

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి నేను. అంకె కనబడితే చెయ్యి ఊరుకోదు. దీనారంటే దాదాపు నాలుగుంపావు గ్రాముల బంగారం. గుణిస్తే 178 కిలోల పైచిలుకు తేలింది. ఇద్దరి మధ్యా రెండు నెలల ఒంటె ప్రయాణమంత ఎడారి ఉంది. దారిలో ఊళ్ళు దాదాపు లేవు, ఠాణా లేదు, కోర్టు లేదు. అయినా అంత విలువైన సరుకు అరువు మీద నడిచింది. ఇబ్న్ హౌకల్‌కే ఇది వింతగా తోచింది. తూర్పు దేశాల్లో ఇలాంటిది కనలేదు, వినలేదన్నాడు. ఇరాక్‌లో, ఖురాసాన్‌లో చెబితే జనం ఆశ్చర్యపోయారట. ఆయన అసలు అవుదగుస్త్ దాకా వెళ్ళి ఉండడనీ, ఆ పత్రం సిజిల్మాసాలోనే చూసి ఉంటాడనీ కొందరు చరిత్రకారులు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది. బాకీ కాగితం ఉండేది డబ్బు రావలసినవాడి పెట్టెలోనే కదా.

మా కొట్లో పదివేల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, చేతులు మారిన రోజున కూడా పార్టీ ఎవరు, ఎక్కడివాడు, మధ్యవర్తి ఎవరు అని షావుకారు పదిసార్లు అడిగేవాడు. అందుకే సిజిల్మాసా కథలో నన్ను పట్టుకున్నది బంగారం కాదు, ఆ అరువు.

ఊరు ఎక్కడుందో చెప్పాలి. మొరాకో ఆగ్నేయ మూల. అట్లాస్ కొండల్లో పుట్టిన జీజ్ నది దక్షిణానికి పారి, చివరికి ఇసుకలో ఇంకిపోతుంది. ఇంకిపోయే ముందు తఫిలాల్త్ అనే పెద్ద ఒయాసిస్సును తడుపుతుంది. కనుచూపు మేర ఖర్జూరపు తోటలు, వాటి నీడన గోధుమ, కూరగాయలు. ఆ నీళ్ళ పక్కన 757 ప్రాంతంలో మిక్నాసా అనే బెర్బర్ తెగవాళ్ళు ఊరు కట్టారు. వాళ్ళు ముస్లింలలో ఖారిజీలనే వర్గంలోని సుఫ్రీ శాఖవాళ్ళు. దూరాన ఉన్న ఖలీఫాల పెత్తనం, వాళ్ళ అధికారుల పన్నులు పడక తిరగబడ్డ జనం. నాయకుడికి గుణం ఉంటే చాలు, కులగోత్రాలతో పని లేదన్నది వాళ్ళ సిద్ధాంతం. అందుకు తగ్గట్టే ఈసా ఇబ్న్ మజీద్ అనే నల్లజాతి మనిషిని తొలి నాయకుడిగా ఎన్నుకున్నారు. కొన్నేళ్ళకు తప్పులు చేశాడని నేరం మోపి, కొండ మీద చెట్టుకు కట్టేసి చావుకు వదిలేశారు కూడా. తర్వాత మిద్రారీ వంశం గద్దెనెక్కింది. పుట్టుకలో సమానత్వం ఉన్న ఊరు వంశపాలనలోకి జారుకోవడానికి ఎంతో కాలం పట్టలేదు.

ఇక దారి సంగతి. పశ్చిమ ఆఫ్రికాలో ఘానా రాజ్యం, దానికి దక్షిణాన సెనెగల్ నది ఎగువ ప్రాంతంలో బంగారం. ఆ బంగారం కోసం ఒకప్పుడు ఈజిప్టు నుంచి నేరుగా ఎడారికి అడ్డంగా ఒక బాట ఉండేది. ఇసుక గాలులు బిడారులను పూడ్చేశాయనీ, దొంగల బెడద ఎక్కువైందనీ ఆ బాటను వదిలేశారని ఇబ్న్ హౌకల్ రాశాడు. బస్రా, కూఫా, బాగ్దాదు వర్తకులు సిజిల్మాసా చేరి అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. అంటే, ఇంకో దారి మూతపడితే ఈ ఊరి తలుపు తెరుచుకుంది. ఈ మాట గుర్తు పెట్టుకుంటే చివర్లో పనికొస్తుంది.

విచిత్రమేమంటే సిజిల్మాసాలో బంగారు గని లేదు, ఉప్పు గని లేదు. దాని సొంత పంట ఖర్జూరం, దాని సొంత ఆస్తి నీళ్ళు. బంగారం దక్షిణాన, ఉప్పు ఎడారి నడుమ, బట్ట, రాగి, పూసలు ఉత్తరాన. అందరూ ఇక్కడ ఆగాలి. ఒంటెలను మేపుకోవాలి, తోలుసంచుల్లో నీళ్ళు నింపుకోవాలి, తోడు దొరికేదాకా, ఎండలు తగ్గేదాకా కాచుకోవాలి. ఆగినవాడు తింటాడు, అద్దె కడతాడు, అరువు తీసుకుంటాడు, అవతలి ఊరి ధర ఎంతని వాకబు చేస్తాడు. ఊరు బతికింది ఆ ఆగడం మీద.

1068లో స్పెయిన్ నుంచి రాసిన అల్ బక్రీ ఊరి గురించి ఒక ముచ్చట చెప్పాడు. సిజిల్మాసాలో బంగారాన్ని తూచరు, లెక్కపెట్టి ఇస్తారు. ఉల్లికాడల్లాంటి ఆకుకూరను మాత్రం తూచి అమ్ముతారు. ఆయన వింతగా చెప్పాడు గానీ లెక్కల మనిషికి ఇందులో వింత లేదు. నాణెం నాణేనికి తేడా రాదన్న ధీమా ఉంటే తూకం దండగ. కూరగాయల వాడి మీద అలాంటి ధీమా ఎవరికుంటుంది? 1992లో జోర్డాన్‌లోని అకబా రేవు దగ్గర తవ్వకాల్లో 32 బంగారు దీనార్లు ఒక్కచోట దొరికాయి. ఎక్కువ భాగం సిజిల్మాసా టంకసాలలో కొట్టినవే. మక్కా యాత్రకు పోతున్నవాడి దారిఖర్చు అయి ఉంటుందని పురావస్తు శాస్త్రవేత్తల ఊహ. అంత దూరానా ఆ ముద్ర చెల్లింది. ఈ ఊరిని తర్వాత ఏలిన అల్మొరావిద్‌ల కాలంలో వాళ్ళ దీనారుకు ఎంత పరపతి ఉండేదంటే, 1172లో కాస్టీల్‌ను ఏలే క్రైస్తవ రాజు ఎనిమిదో అల్ఫోన్సో కూడా అదే తీరున, అరబ్బీ అక్షరాలతోనే, తన బంగారు నాణేలు కొట్టించాడు.

వర్తకం ఎలా నడిచిందో చెప్పడానికి మక్కరీ సోదరుల కంటే మంచి ఉదాహరణ లేదు. పదమూడో శతాబ్దం. అయిదుగురు అన్నదమ్ములు, ఉమ్మడి వ్యాపారం, సమాన వాటాలు. ఇద్దరు మధ్యధరా సముద్రానికి దగ్గరి త్లెమ్సెన్‌లో ఉండేవారు. ఇద్దరు ఎడారి దక్షిణపు అంచున వలాతాలో. అబ్దుర్రహ్మాన్ అనే ఒక్కడు మధ్యలో, సిజిల్మాసాలో. త్లెమ్సెన్ వాళ్ళు దక్షిణం అడిగిన సరుకు పంపేవారు. వలాతా వాళ్ళు తోళ్ళు, దంతం, బంగారం పంపేవారు. సిజిల్మాసా వాడు త్రాసు ముల్లులాంటివాడని వాళ్ళ వంశం వాళ్ళే చెప్పుకున్నారు. ఎక్కడ ధర పెరిగింది, ఎక్కడ పడింది, ఎవరు ఏం కొంటున్నారు, దేశంలో ఏం జరుగుతోంది అని రెండు వైపులా ఉత్తరాలు రాయడమే అతని పని. ఎడారి దారిలో బావులు తవ్వించారు, బిడారు కదిలేటప్పుడు డప్పు కొట్టించి జెండా పట్టించారు. నా ఉద్యోగ జీవితంలో సగం ఫోన్ దగ్గర గడిచింది. ఖమ్మంలో ఎంత, బ్యాడిగిలో ఎంత, ఇవాళ ఎన్ని టిక్కీలు దిగాయి అని. అయిదుగురిలో ఆ ఒక్కడి చాకిరీ ఎలాంటిదో నాకు వేరే చెప్పక్కర్లేదు. సరుకు ముట్టుకోడు, ఇల్లు కదలడు, లాభమంతా అతని సిరా మీద ఆధారపడుతుంది.

దారి ఎలా ఉండేదో ఇబ్న్ బతూతా పుణ్యాన మనకు దక్కింది. ఢిల్లీలో తుగ్లక్ కొలువులో ఖాజీగా చేసి, మాల్దీవుల్లో ఖాజీగిరీ వెలగబెట్టి, చైనా దాకా పోయి వచ్చిన ఆ మొరాకో వాడు చివరిగా ఎడారి దాటాలనుకున్నాడు. సిజిల్మాసాలో అల్ బుష్రీ అనే పండితుడి ఇంట దిగాడు. ఆయన తమ్ముడో అన్నో, చైనాలో ఇతనికి తారసపడినవాడే! ఒక తోబుట్టువు చైనాలో, ఒక తోబుట్టువు సహారా అంచున. ఇబ్న్ బతూతా ఒంటెలు కొన్నాడు, నాలుగు నెలలపాటు మేపాడు, 1352 ఫిబ్రవరిలో బిడారుతో కదిలాడు.

ఇరవై అయిదు రోజులకు తగాజా వచ్చింది. చెట్టు లేదు, చేను లేదు. ఇళ్ళు, మసీదు అన్నీ ఉప్పు దిమ్మెలతో కట్టినవి, పైన ఒంటె తోలు కప్పు. ఊళ్ళో ఉండేది ఉప్పు తవ్వే బానిసలు మాత్రమే. భూమిలో పలకలు పేర్చినట్టు ఉప్పు ఉంటుంది. ఒక ఒంటె రెండు పలకలు మోస్తుంది. తిండి బయటినుంచి రావాలి: సిజిల్మాసా నుంచి, ద్రా లోయ నుంచి ఖర్జూరం, దక్షిణాన్నుంచి చిరుధాన్యం, ఒంటె మాంసం. నీళ్ళు ఉప్పన. ఈగల పీడ. ఇబ్న్ బతూతా అక్కడ పది రోజులు అవస్థ పడ్డాడు. ఆ దరిద్రపు ఊరిలోనే బంగారం బస్తాల లెక్కన చేతులు మారేదని కూడా రాశాడు. ఒంటె మోసిన ఉప్పు వలాతాలో 8 నుంచి 10 మిస్కాళ్ళ బంగారం పలికేది, ఇంకా లోపలికి మాలి రాజధానికి చేరితే 20 నుంచి 30, ఒక్కోసారి 40. మిస్కాల్ అంటే దాదాపు దీనారు తూకమే. దూరం పెరిగేకొద్దీ ధర ఎలా పెరిగిందో చూడండి.

తగాజా దాటాక పది రోజులపాటు నీటి చుక్క దొరకని దారి. పేలు పట్టకుండా మెడలో పాదరసం పూసిన దారాలు కట్టుకునేవారట. బిడారులో ఇబ్న్ జీరీ అనేవాడు బంధువుతో గొడవపడి వెనకబడ్డాడు. మరుసటి మజిలీకి రాలేదు. వెతకడానికి మనిషిని పంపమంటే బంధువు ఒప్పుకోలేదు, పోయినవాడు పోయాడు. అప్పటినుంచి తాను ముందుకూ పోలేదు, వెనకా పడలేదని ఇబ్న్ బతూతా చెప్పుకున్నాడు. వలాతా దగ్గరపడుతుండగా తక్షిఫ్ అనే వేగు ముందుగా ఒంటరిగా బయలుదేరి, అక్కడివాళ్ళకు ఉత్తరాలు అందించి, నీళ్ళతో ఎదురు రమ్మని చెప్పాలి. ఆ ఒక్క మనిషికి కూలి 100 మిస్కాళ్ళు. వేగు దారి తప్పితే బిడారు మొత్తం దాహంతో చచ్చిపోవచ్చు. ఎవరూ బేరం ఆడకపోతే ఆశ్చర్యం లేదు.

దక్షిణాన నైజర్ నది ఒడ్డున గావో ఊళ్ళో ఇబ్న్ బతూతా పాత పరిచయాన్ని చూశాడు: గవ్వలు. దీనారుకు 1,150 చొప్పున అక్కడ అవే డబ్బు. అవి హిందూ మహాసముద్రపు గవ్వలు, మాల్దీవుల్లో ఆయన కళ్ళారా చూసినవి. అక్కడ దీనారుకు 4 లక్షలు వచ్చేవని, ఒక్కోసారి 10 లక్షలు కూడా ఇచ్చేవారని తనే రాశాడు. తక్కువలో తక్కువ దాదాపు 350 రెట్ల తేడా. సముద్రం, ఎర్రసముద్రం, ఈజిప్టు, ఎడారి, అన్నీ దాటి వచ్చేసరికి ప్రతి చేయీ తన వాటా తీసుకుందన్నమాట.

ఒక విషయం దాటవేయడం నాకిష్టం లేదు. తిరుగు ప్రయాణంలో 1353లో ఇబ్న్ బతూతా కలిసిన బిడారులో దాదాపు 600 మంది బానిస ఆడవాళ్ళున్నారు. ఆయన దాన్ని ఒంటెల సంఖ్య చెప్పినంత మామూలుగా చెప్పి ముందుకు పోయాడు. సిజిల్మాసా గొప్పతనం చెప్పే వ్యాసాలు బంగారం మీద పేజీలు రాసి, బానిసల్ని సరుకుల జాబితాలో కామా పక్కన పెట్టి వెళ్ళిపోతాయి. ఉప్పు తవ్వినవాళ్ళు బానిసలు, ఉత్తరానికి నడిచినవాళ్ళు బానిసలు. ఆ ఊరి లాభంలో వాళ్ళ పద్దు పెద్దది.

ఇంత డబ్బున్న ఊరిని ఎవరు వదులుతారు? ఫాతిమీ ఖలీఫాల మూలపురుషుడు ఉబైదుల్లా వర్తకుడి వేషంలో వచ్చి ఇక్కడే నిర్బంధంలో చిక్కుకున్నాడు. 909లో ఆయన సైన్యం వచ్చి విడిపించింది. 958లో ఫాతిమీ సేనాని జౌహర్ ఊరిని పట్టుకున్నాడు. ఆ జౌహరే 969లో కైరోకు పునాది వేశాడు. తర్వాత మఘ్రావా తెగ. 1054 ప్రాంతంలో ఎడారి లోపలి నుంచి ముసుగు కట్టుకున్న అల్మొరావిద్‌లు వచ్చి ఇటు సిజిల్మాసా, అటు అవుదగుస్త్, దారి రెండు కొసలూ గుప్పిట్లో పెట్టుకున్నారు. వాళ్ళ తర్వాత అల్మోహద్‌లు. వాళ్ళ హయాంలో ఊళ్ళోని యూదు వర్తకులు ఘోరంగా నలిగిపోయారు. 1274లో మెరీనిద్‌లు. ప్రతివాడూ దోచాడు, కొందరిని చంపాడు, మళ్ళీ టంకసాల తెరిచాడు. ఎందుకంటే వచ్చిన ప్రతివాడికీ ఊరు కావాలి. ఆరు శతాబ్దాలపాటు కత్తి ఈ ఊరిని ఏమీ చేయలేకపోవడానికి కారణం గోడలు కావు, గిరాకీ.

ఆ గిరాకీ తగ్గడం మొదలైంది. బంగారపు బేరం వలాతా నుంచి తూర్పుగా తింబుక్తూకు జరిగింది. అక్కడి నుంచి ఉత్తరానికి పోవాలంటే తువాత్ ఒయాసిస్సుల మీదుగా త్లెమ్సెన్‌కు దారి దగ్గర. ఈజిప్టు వైపు కూడా రాకపోకలు మళ్ళీ పుంజుకున్నాయి. మెరీనిద్ రాజ్యంలో గద్దె కోసం అన్నదమ్ముల కొట్లాటలు ఎక్కువై, ఊరు తరచూ తిరుగుబాటు రాకుమారుల చేతుల్లో పడింది. 1393లో జనం గవర్నరును చంపి, ఊరి గోడలు కూల్చి, ఒయాసిస్సులో ఎక్కడికక్కడ మట్టికోటల పల్లెలు కట్టుకుని విడిపోయారు. ఈ మాట చెప్పింది గ్రనడాలో పుట్టి, సముద్రపు దొంగలకు చిక్కి, రోములో పోపు దగ్గర లియో ఆఫ్రికానస్‌గా పేరు మార్చుకున్న అల్ హసన్ అల్ వజ్జాన్. పదహారో శతాబ్దం తొలినాళ్ళలో ఆయన వచ్చేసరికి మిగిలింది శిథిలాలు. మట్టికోటలు మాత్రం మూడు వందల యాభై దాకా ఉన్నాయన్నాడు.

పోర్చుగీసు ఓడలు వచ్చి ఎడారి వర్తకాన్ని చంపేశాయని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. తేదీలు చూడండి. పోర్చుగీసులు పశ్చిమ తీరాన ఆర్గిన్ దీవికి చేరింది 1440ల్లో. బంగారపు తీరాన ఎల్మినా కోట కట్టింది 1482లో. సిజిల్మాసా గోడలు అప్పటికి కూలి దాదాపు తొంభై ఏళ్ళు. పైగా బిడారులు ఆ తర్వాత కూడా తఫిలాల్త్ మీదుగా వందల ఏళ్ళు నడిచాయి. వర్తకం చావలేదు, ఈ ఊళ్ళోనే ఆగి తీరాల్సిన పని పోయింది. 1393కి ముందు ఎన్నోసార్లు కూలిన గోడలు లేచాయి. ఈసారి లేపడానికి డబ్బు పెట్టేవాడు రాలేదు.

మా అమ్మాయి వాళ్ళు కాసాబ్లాంకాలో ఉంటారు. మెర్జూగా ఇసుక తిన్నెలు చూపిస్తామని మమ్మల్ని తీసుకెళ్తుంటే దారిలో రిసానీ దగ్గర బండి ఆపించాను. పిల్లలకు నచ్చలేదు. టికెట్టు లేదు, గైడు లేడు. పొలాల పక్కన మట్టి దిబ్బలు, వాటి మధ్య మనిషి కంటే ఎత్తైన మొండి గోడలు కొన్ని. గోడలో గడ్డి పోచలు కనబడుతున్నాయి. అడుగు తీసి అడుగు వేస్తే కాలికింద కుండ పెంకులు. ఒకటి రెండిటి మీద ఇంకా పచ్చటి పూత మెరుస్తోంది. 1988 నుంచి పదేళ్ళపాటు రొనాల్డ్ మెసియర్ అనే అమెరికన్ ఆచార్యుడి బృందం మొరాకో శాస్త్రవేత్తలతో కలిసి ఇక్కడ తవ్వి, మసీదు, ఇళ్ళు, నీటి ఏర్పాట్లు బయటపెట్టింది. పదిహేడో శతాబ్దంలో మొరాకో గద్దెనెక్కి నేటికీ ఏలుతున్న అలవీ వంశం ఈ తఫిలాల్త్‌దే. వాళ్ళ మూలపురుషుడు మౌలే అలీ షరీఫ్ సమాధి రిసానీలోనే ఉంది. మౌలే ఇస్మాయిల్ అనే సుల్తాను ఊరికి మళ్ళీ మరమ్మతులు చేయించాడు. 1818లో ఐత్ అత్తా తెగ వచ్చి ఆ మిగిలిందీ ధ్వంసం చేసింది.

రిసానీ సంత ఆది, మంగళ, గురువారాల్లో. మా ఆవిడ ఖర్జూరం కొంటానంది. అమ్మేవాడు పండు విరిచి లోపలి గుజ్జు చూపించాడు, యార్డులో కొనుగోలుదారు కాయ విరిచి గింజ రంగు చూసినట్టే. మెజూల్ రకం, అసలుది ఇదేనని నొక్కి చెప్పాడు. అతని మాట అబద్ధం కాదు. 1927లో వాల్టర్ స్వింగిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ ప్రాంతంలోని బూదెనీబ్ నుంచి 11 మెజూల్ పిలకలు తీసుకుపోయాడు. బతికినవి 9. కాలిఫోర్నియా మెజూల్ తోటలన్నీ ఆ తొమ్మిదింటి సంతానమే. మొరాకోలో మాత్రం బాయూద్ అనే తెగులు లక్షల చెట్లను ఎండగట్టింది. మెజూల్ దానికి అసలు తట్టుకోలేదు. ఇప్పుడు రంజాన్ రోజుల్లో హైదరాబాద్ దుకాణాల్లో మెజూల్ డబ్బాలు తిప్పి చూస్తే జోర్డాన్ పేరు కనబడుతుంది, ఇంకేవో దేశాల పేర్లు కనబడతాయి. తఫిలాల్త్ పేరున్న డబ్బా నాకింతవరకు తగల్లేదు.